ఢిల్లీ కుర్చీ, మన ఐస్ బాక్సు

విస్సన్నపేట

ప్రియమైన సరోజా,

మామిడి కోతలు అయిపోయాయి, నూజివీడు రోడ్డులో లారీల రద్దీ తగ్గింది. ఎండలు మాత్రం ఇంకా దిగలేదు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట మనసులో నలుగుతూనే ఉంది. "కేంద్ర ఆరోగ్య మంత్రి ఎవరైతే మనకేమిటే, ఎవరున్నా ఎండలో సంచీ మోసింది మనమేగా" అన్నావు. జవాబు చెబుదామనుకునేలోపు మీ మనవరాలు ఏడుపందుకుంది, నువ్వు ఫోను పెట్టేశావు. ఇది ఫోన్లో తేలే మాట కాదులే అని కాగితం తీశాను.

నువ్వన్నదాంట్లో సగం నిజముంది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. మనల్ని బదిలీ చేసింది జిల్లా, మెమో ఇచ్చింది జిల్లా. ఢిల్లీ మంత్రి ముఖం మనం పేపర్లో చూడ్డమే. కానీ సరోజా, మన సంచీలో ఏముందో ఒకసారి గుర్తు తెచ్చుకో. టీకా బుడ్డీలు ఢిల్లీ కొని పంపినవి. కాపర్-టీలు, నిరోధ్‌లు, ఐరన్ మాత్రలు కూడా అంతే. కుటుంబ నియంత్రణను 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలో చేర్చారు. సబ్‌ సెంటర్లలో పనిచేసిన మనలాంటి చాలామంది ఏ.ఎన్.ఎమ్.ల జీతాలకు కుటుంబ సంక్షేమం పద్దు కింద డబ్బొచ్చిందీ అక్కణ్ణుంచే. ఆ కుర్చీలో ఒకరు సంతకం పెడితే ఏడాదో రెండేళ్లో పోయాక అది పుట్రేల అంగన్‌వాడీ గుమ్మంలో మన చేతిమీదుగా జరిగేది. ఎవరు కూర్చున్నారన్నదాని కంటే ఎన్నాళ్లు కూర్చోనిచ్చారన్నది నన్ను ఎక్కువగా పట్టి పీడిస్తోంది.

మొదటావిడ సంగతి చూడు. రాజకుమారి అమృత్ కౌర్. కపుర్తలా రాజవంశంలో పుట్టి, పదహారేళ్లు గాంధీగారికి కార్యదర్శిగా పనిచేసింది. 1947లో నెహ్రూ మొదటి మంత్రివర్గంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. 1957 దాకా, పదేళ్లపాటు ఆరోగ్య శాఖ ఆవిడ చేతిలోనే ఉంది. మన ట్రైనింగులో ఆవిడ పేరు ఒక్కరూ ఎత్తలేదు, అదే నాకు బాధ. మనం వేల మంది పసివాళ్ల ఎడం భుజం మీద వేసిన బీసీజీ ఆవిడ హయాంలోనే దేశంలోకి వచ్చింది. 1948లో ఆ టీకా మొదలుపెట్టిన చోట్లలో మన మదనపల్లె ఒకటి. అక్కడి క్షయ శానటోరియం అప్పటికే పేరున్నది. తర్వాత 1955లో రాజాజీ అంతటి పెద్దమనిషి బీసీజీ వద్దంటూ పుస్తకమే వేశాడు. మద్రాసు వైపు జనం బెదిరారు. ఆవిడ కార్యక్రమం ఆపలేదు. ఇంటింటికీ తిరిగి "టీకా వేయిస్తే జ్వరమొస్తుంది, చెయ్యి పడిపోతుంది" అన్న మాటలు విన్నవాళ్లం మనం. పై నుంచి ఒక మనిషి వెనక్కి తగ్గకుండా నిలబడితే కింద మనకెంత బలమో నీకు వేరే చెప్పాలా?

ఢిల్లీలో ఎయిమ్స్ కట్టించిందీ ఆవిడే. న్యూజిలాండ్ ఇచ్చిన డబ్బుతో 1952లో పునాది పడింది, 1956లో పార్లమెంటు చట్టం చేసింది. సిమ్లాలో తన సొంత ఇల్లు మనోర్‌విల్‌ని ఆ సంస్థకు రాసిచ్చింది, అక్కడి సిబ్బంది, నర్సులు సెలవుల్లో వెళ్లి ఉండడానికి. నర్సులకు విశ్రాంతి కావాలని తలచిన మంత్రి! ఈ ముక్క చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మన మంగళగిరి ఎయిమ్స్‌కు 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 2024 ఫిబ్రవరిలో ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. ఇవాళ ఈ చుట్టుపక్కల ఊళ్ల జనం పెద్ద జబ్బంటే అక్కడికి పోతున్నారు. పోనిచ్చిన దారి మాత్రం 1956లో వేసిందే.

ఆ తర్వాత కర్మార్కర్, ఆయన తర్వాత గాంధీగారి డాక్టరు సుశీలా నయ్యర్. మలేరియా మీద పెద్ద దండయాత్ర వీళ్ల కాలానిది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని లెక్క. 1960ల నడిమికి అది లక్ష దాకా దిగింది. మా అమ్మ డి.డి.టి. వాళ్లు గోడల మీద వేసిన తెల్ల చారల గురించి చెబుతుండేది. అయిపోయిందిలే అని చెయ్యి వదిలేశారు, 1976కి మళ్లీ 64 లక్షల కేసులు. ఈ శాఖలో చెయ్యి వదిలితే జబ్బు ఊరుకోదు.

ఇక మన రాజమండ్రి సంగతి. శ్రీపతి చంద్రశేఖర్ అక్కడ 1918లో పుట్టాడు. జనాభా శాస్త్రంలో ప్రపంచమంతా పేరున్న పండితుడు, 1967లో ఇందిరాగాంధీ ప్రభుత్వంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ మంత్రి అయ్యాడు. కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం గోడలెక్కింది, 1968లో నిరోధ్ కిరాణా కొట్లకు వచ్చింది, అంతా ఆ కాలంలోనే. మగవాళ్లు ఆపరేషన్ చేయించుకోవాలన్నది ఆయన పట్టుదల. చేయించుకున్నవాడికి ట్రాన్సిస్టరు రేడియో ఇద్దామన్నాడు. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేయాలని గట్టిగా వాదించాడు, ఆ చట్టం 1971లో వచ్చింది. దానివల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో మనకు తెలుసు. నాటు మందు పుల్లలతో నెత్తురు కారుతూ ఎడ్లబండిలో వచ్చిన పిల్లల్ని మనం చూశాం కదా.

అయితే ఆయన మగవాళ్ల వైపు తిప్పిన బండి అటే సాగలేదు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, ఎక్కువ మగవాళ్లకే, చాలాచోట్ల బలవంతంగా. జనం ఆ ప్రభుత్వాన్ని దించారు. ఆ దెబ్బతో మగవాళ్ల ఆపరేషన్ గురించి మాట్లాడే ధైర్యం ఏ మంత్రికీ లేకపోయింది. భారమంతా ఆడవాళ్ల పొట్ట మీద పడింది. మనం ఉద్యోగంలో చేరేసరికి "కేసులు" అంటే ఆడవాళ్లే. డి.పి.ఎల్. ఆపరేషన్ల క్యాంపు రోజున వరండాలో దుప్పట్లు పరిచి వరసగా పడుకోబెట్టిన ఆ పిల్లలు నీకు గుర్తే. ఇరవై రెండేళ్లకు, ఇరవై మూడేళ్లకు ఇద్దరు బిడ్డల తల్లులు. పొట్ట మీద ప్లాస్టరుతో, మత్తు దిగీ దిగకుండా లేచి, "అక్కా, గొడ్డుకి గడ్డి వెయ్యాలి, ఎప్పుడు పంపిస్తారు?" అని అడిగేవాళ్లు. మొగుళ్లు బయట చెట్టు కింద బీడీలు కాలుస్తుండేవాళ్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్లలో ఒక్క శాతం కూడా లేరు. ఇది అన్యాయం సరోజా. మన చేతులతోనే జరిగింది గనక గొంతెత్తి చెప్పాల్సిందీ మనమే.

ఇప్పుడు గాలి ఎటు మళ్లిందో చూశావుగా. మన రాష్ట్రంలో జననాలు తగ్గిపోయాయని, పిల్లల్ని కనమని ముఖ్యమంత్రే చెబుతున్నాడు. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు. కనొద్దన్నప్పుడూ ఆ ఆడపిల్లని అడగలేదు, కనమన్నప్పుడూ అడగటం లేదు.

తెలుగువాళ్లలో ఆ కుర్చీ ఎక్కిన పెద్ద పేరు పీవీ నరసింహారావుది. ప్రధాని అయిన సంగతి అందరికీ తెలుసు, ఆరోగ్య మంత్రి అన్న సంగతి మన డిపార్టుమెంటులోనే చాలామందికి తెలియదు. 1967లో మన రాష్ట్రంలో ఆరోగ్య శాఖ చూశాడు. 1986 జూలై నుంచి 1988 ఫిబ్రవరి దాకా ఢిల్లీలో మానవ వనరుల శాఖతో పాటు ఆరోగ్యమూ ఆయన దగ్గరే ఉంది. అప్పటికి సార్వత్రిక టీకాల కార్యక్రమం కొత్త. 1985 నవంబరులో దేశం మొత్తం మీద 31 జిల్లాలతో మొదలై, ఏటా కొన్ని జిల్లాలు కలుపుకుంటూ 1990కి అంతటా విస్తరించింది. దేశంలో ఎయిడ్స్ వైరస్‌ను మద్రాసులో తొలిసారి కనిపెట్టిందీ 1986లోనే. మన విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం మొదలైందీ ఆ ఏడు నవంబరులోనే, అది రాష్ట్రం పెట్టుకున్నది.

ఆ టీకాల రోజులు నాకు కళ్లకు కట్టినట్టున్నాయి. తెల్లారకముందే కిరసనాయిలు స్టవ్వు వెలిగించి, స్టెరిలైజరులో గాజు సిరంజీలు పేర్చి మూత బిగించేదాన్ని. ఆవిరి పట్టాక ఇరవై నిమిషాలు. మొన వంగిన సూదుల్ని రాయి మీద సాన పట్టేవాళ్లం. ఒక బిడ్డకు ఒక సూది, ఒక సిరంజి, పొరబాటున కూడా రెండో బిడ్డకు వాడకూడదని మనకు ఎంతగా నూరిపోశారో! ఐస్ బాక్సులో నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో బుడ్డీలు. కొండపర్వ బస్సు రాకపోతే బాక్సు నెత్తిన పెట్టుకుని నడక. ఐస్ కరిగితే టీకా చచ్చిపోతుందన్న భయంతో కాళ్లు అవే పరుగెత్తేవి. తెల్లదేవరపల్లిలో ఒక ముసలమ్మ నా బాక్సు మీద తన తడి చీర కప్పింది. ఆమెకు తట్టు పోసి ఇద్దరు బిడ్డలు పోయారట, మనవడికి మాత్రం ఏం కాకూడదంది. క్షయ, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, పోలియో, తట్టు, ఈ ఆరింటిలో కంఠసర్పి బిడ్డను ఇవాళ్టి కొత్త నర్సులు చాలామంది చూసి ఉండరు. మనం చూశాం. గొంతులో తెల్లటి పొర కమ్మి, ఊపిరాడక తల్లి ఒళ్లోనే... వద్దులే.

ఆ పని మీద పీవీగారి మనసు ఎంత ఉందో నేను చెప్పలేను. అన్ని భాషలు వచ్చినవాడు, అంత చదివినవాడు, ఆరోగ్యం ఒక్కటే చేతికిచ్చి అయిదేళ్లు వదిలేసి ఉంటే ఏం చేసేవాడో అని మాత్రం అనుకుంటూ ఉంటాను. ఏడాదిన్నరకే ఆ శాఖ మోతీలాల్ వోరాకు వెళ్లింది. మరుసటి ఏడు ఇంకొకరు. తర్వాత వచ్చిన రెండు మూడేళ్లలో పేర్లు గుర్తు పెట్టుకోవడం కూడా కష్టమయ్యేలా మారారు.

1996 ఏప్రిల్లో ఆపరేషన్ల టార్గెట్లు ఎత్తేసిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. అప్పటిదాకా మార్చి నెల వస్తే మనకు అన్నం సయించేది కాదు. ఇన్ని కేసులు రాకపోతే జీతం ఆగుతుందని బెదిరింపులు. ఆ ఉత్తర్వు చేతికొచ్చిన సాయంత్రం నువ్వు మా ఇంటికొచ్చి ఏడ్చావు. మరుసటి ఏడు జూన్లో రేణుకా చౌదరి ఆరోగ్య శాఖకు స్వతంత్ర హోదాలో సహాయ మంత్రి అయింది. విశాఖలో పుట్టి, తర్వాత రెండుసార్లు ఖమ్మం ఎంపీ అయిన మనిషి. తిరువూరు దాటితే ఖమ్మం జిల్లాయే కదా, మనకు ఇరుగుపొరుగు. 1997 అక్టోబరులో తల్లీబిడ్డల ఆరోగ్యానికి ఆర్.సి.హెచ్. పథకం మొదలైంది ఆమె ఉన్నప్పుడే. తల్లికి ఏం కావాలో అడిగి రాసుకోమని రిజిస్టర్లు మారాయి. 1998 మార్చికి ప్రభుత్వం మారిపోయింది, ఆమె కాలమూ చెల్లింది. ఏడాది కూడా నిండలేదు.

1997లోనే హైదరాబాదులో వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా బయటపెట్టింది. దేశంలోనే తయారై, పేదవాడు కొనగలిగే ధరకు దిగింది. మనవాళ్ల చేతిలో టీకా తయారుగా ఉంది, కామెర్లతో, లివరు పాడై జనం పోతూనే ఉన్నారు. జాతీయ కార్యక్రమంలోకి అది 2002లో కొన్నిచోట్ల మొదలై, మరికొన్ని రాష్ట్రాలకు పాకి, దేశమంతటికీ అందేసరికి 2011 అయింది. ఈలోపు ఎళిల్‌మలై, షణ్ముగం, సి.పి.ఠాకూర్, శత్రుఘ్న సిన్హా, సుష్మా స్వరాజ్, అన్బుమణి రామదాస్, గులాం నబీ ఆజాద్, ఇంతమంది మంత్రులు. ఒక్కొక్కరూ ఫైలు మొదటి నుంచి చదువుకోవాలి కదా. అన్ని జాప్యాలకూ ఇదొక్కటే కారణమనను, డబ్బూ ఉంది, రాష్ట్రాల తీరూ ఉంది. కానీ మనుషుల్ని ఇట్లా మారుస్తుంటే పని ముందుకు పోతుందంటే నేను నమ్మను.

వాళ్లలో రామదాస్‌కు అయిదేళ్లు దక్కాయి. ఆయన దగ్గర సహాయ మంత్రిగా 2004 నుంచి 2009 దాకా మన పనబాక లక్ష్మి ఉంది. అయిదేళ్లు దక్కితే ఏం జరుగుతుందో చూడు. 2005 ఏప్రిల్లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. ఊరికొక ఆశ కార్యకర్త వచ్చింది. సబ్‌ సెంటరుకు ఏటా పదివేలు ఖర్చు పెట్టుకోమని ఇచ్చారు, మనం దాంతో తలుపు బాగు చేయించుకున్నాం, కుర్చీలు కొనుక్కున్నాం, గర్భిణులు పడుకోవడానికి బల్ల చేయించాం. అప్పటిదాకా సబ్‌ సెంటరుకు చీపురు కొనాలన్నా మన చీర కొంగే విప్పేవాళ్లం. ఆసుపత్రిలో కాన్పుకు తల్లికి 700 రూపాయలు. అదే కాలంలో ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వం 108 తెచ్చింది, ఆరోగ్యశ్రీ తెచ్చింది. ఢిల్లీ, హైదరాబాదు రెండూ ఒకేసారి కదిలిన ఆ నాలుగైదేళ్లలో నా ఏరియాలో ఇంట్లో కాన్పులు దాదాపు కనుమరుగయ్యాయి.

కోవిడ్ గురించి ఎక్కువ రాయను. 2021 జనవరిలో టీకాలు మొదలయ్యాయి, ఆ వేసవిలో జనం గాలి అందక పోయారు, జూలైలో మంత్రిని మార్చారు. రిటైరైనవాళ్లం కూడా మళ్లీ సూది పట్టుకున్నాం.

ఇప్పుడు జె.పి.నడ్డా రెండోసారి ఆ కుర్చీలో ఉన్నాడు. మొదటిసారి నాలుగున్నరేళ్లు ఉన్నాడు, ఆ రోజుల్లోనే 2016 బడ్జెట్లో జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచిత డయాలసిస్ అన్నారు. ఆ మాట ఎత్తానంటే ఎందుకో నీకు తెలిసిపోయి ఉంటుంది. ఎ.కొండూరు.

నువ్వు పనిచేసిన తండాల్లో కిడ్నీ జబ్బు ఇంకా తగ్గలేదు. ఉద్దానం పేరు దేశమంతా విన్నది, పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, పెద్దాసుపత్రి ప్రారంభించారు. మన పక్కనున్న ఎ.కొండూరు పేరు జిల్లా దాటదు. పొలం పనికి పోయే నలభై ఏళ్ల మనిషి కాళ్లు వాచి మంచమెక్కుతాడు, వారానికి రెండుసార్లు మిషన్ మీద పడుకోవాలి. పోను ఆటో, రాను ఆటో, తోడు ఒక మనిషి, ఇద్దరి కూలీ పోయె. డయాలసిస్ ఉచితమే గానీ బతుకు ఉచితం కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అని కొందరు, సిలికా అని కొందరు, నొప్పుల మాత్రలు, నాటుసారా అని ఇంకొందరు అంటారు. ఒకే ఒక్క కారణం ఇదని ఇంకా ఎవరూ తేల్చలేదు. కృష్ణా నీళ్లు పైపుల్లో తెస్తామన్నారు. నీళ్లు రాష్ట్రానివి, తండాలు రాష్ట్రానివి. ఇట్లాంటి జబ్బు ఎందుకొస్తోందో ఏళ్ల తరబడి కూర్చుని తేల్చగలిగిన సంస్థలు, వాటికి డబ్బు మాత్రం ఢిల్లీ మంత్రి చేతిలో ఉన్నాయి. అమృత్ కౌర్‌లా పదేళ్లు పట్టు వదలని మనిషి అక్కడ ఉండాలి, లేదా ఉన్న మనిషిని మనం వదలకుండా పట్టుకోవాలి. మొదటిది మన చేతిలో లేదు.

రెండోది ఉంది. మంత్రిగారికి ఒక అర్జీ రాస్తున్నాను. ఊరికే జాలి పుట్టించే మాటలతో కాదు, లెక్కతో. నువ్వు ఆ తండాల్లో తిరిగిన రోజుల్లో ఏ ఇంట్లో ఎవరికి కాళ్లు వాచాయో, ఏ బోరు నీళ్లు తాగేవాళ్లో డైరీల్లో రాసుకునేదానివి. జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పగలిగిన కాగితాలు బహుశా అవే. అట్ట పెట్టెలో కట్టి తీసుకెళ్లావని అన్నయ్యగారు అన్నారు. పాతవని పారేయకు. మనుషుల పేర్లు కనపడకుండా మూసేసి, ఊరు, ఏడాది, వయసు, బోరు కనిపించేలా జిరాక్సులు తీయించి రిజిస్టరు పోస్టులో పంపు. అర్జీ మీద నీ సంతకం కూడా కావాలి.

నీ
రత్నకుమారి